రెప్పేయని స్క్రీను

మినుకుమినుకుమంటూ కళ్ళు పొడిచే ఒక స్క్రీనును నేనొకసారి బాగుచేశాను. నా పనిలో అంత శుభ్రంగా కుదిరింది ఇంకొకటి లేదు. అయినా దాని సంగతి ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోను. ఎవరైనా కదిపితే మాట మారుస్తాను. ఇప్పుడు రాస్తున్నది మనసు తేలిక చేసుకోవడానికి కాదు. అది తేలికయ్యే రకం బరువు కాదని నాకు తెలుసు.

నేను అనంతపురంలో ఉంటాను. చిన్న చిన్న వ్యాపారాలకు కంప్యూటరు ప్రోగ్రాములు రాసిచ్చి బతుకుతాను. బెంగళూరు పోయి పెద్ద కంపెనీలో చేరొచ్చు కదా అని చుట్టాలు చాలాకాలం చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. నాకు ఒకరి కింద పనిచేసే గుణం లేదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇక్కడైతే నా పనికి నేనే రాజు, నేనే బంటు. తప్పు పట్టేవాళ్ళుండరు. అదొక సుఖమనే అప్పట్లో అనుకునేవాణ్ణి.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్టు నా దగ్గర పని చేయించుకుంది. పొడవాటి రేకుల షెడ్డు, రెండు వరసల్లో కుట్టుమిషన్లు. చుట్టుపక్కల పల్లెల్లో వాన మొహం చాటేసి శనక్కాయ పంట పోయిన ఏడాదల్లా ఆ షెడ్డులో ఆడవాళ్ళ సంఖ్య పెరిగేది. పొద్దున ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని వచ్చి దిగేవాళ్ళు. సాయంత్రానికి అందరి వేళ్ళూ నీలంగా ఉండేవి.

కుట్టిన ప్యాంట్లను కట్టలు కట్టి, ఒక్కో కట్టకూ నంబరు రాసిన చీటీ తగిలించి, బండికెత్తి వాషింగుకు పంపేవాళ్ళు. బండెక్కే ముందు ఆ నంబరు కంప్యూటరులో ఎక్కించాలి. ఆ ఎక్కించే ప్రోగ్రాము నాది. ఓనరు ఎక్కడో పాత సామాన్ల అంగట్లో కొన్న కంప్యూటరు అది. రంగులూ బొమ్మలూ ఉన్న ప్రోగ్రాము పెడితే ముసలి ఎద్దు మాదిరి చతికిలబడేది. అందుకని నల్లటి స్క్రీను మీద తెల్లటి అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండని టెర్మినల్ పద్ధతిలో రాశాను. మౌసు అక్కర్లేదు. నంబరు కొట్టాలి, ఎంటర్ నొక్కాలి, అంతే. అసలు ప్రోగ్రాము ఓనరు గదిలో ఉన్న ఇంకో కంప్యూటరులో నడిచేది. షెడ్డు చివర ఉన్నదాంట్లో ఆ అక్షరాలు కనిపించేవి. మధ్యలో నీరసపు వైఫై.

ఆ మినుకు అక్కడ పుట్టింది. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ నా ప్రోగ్రాము స్క్రీనంతా తుడిచేసి, పైవరస నుంచి కిందివరస దాకా మళ్ళీ రాసేది. గోడ మీద ఒక్క అంకె మార్చడానికి గోడంతా సున్నం కొట్టి మొదటినుంచీ రాసినట్టన్నమాట. స్క్రీను ఒక్కసారి నల్లబడేది, తరవాత వరసలు ఒకటొకటిగా దిగేవి. దానికి ఒక సెకను పట్టేది. అది మొరటు పద్ధతని నాకు తెలుసు. ముందు పని జరగనీ, మెరుగులు తరవాత దిద్దొచ్చు అనుకున్నాను.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే ఆమెకు యాభై దాటి ఉంటాయి. అంతకుముందు చాలా ఏళ్ళు అదే షెడ్డులో మిషన్ మీద కుట్టింది. మోకాలు పట్టేశాక, చీటీల మీది గొలుసురాత అంకెలను ఇట్టే పోల్చుకుంటుందని ఓనరు ఆమెను ఈ పనిలోకి మార్చాడు. ఇంగ్లీషు చదవడం రాదు, అంకెలకు మాత్రం జంకేది కాదు. ఆ షెడ్డు మొత్తానికి చేతులున్న కుర్చీలు రెండే. ఒకటి ఓనరుది, రెండోది ఆమెది. ఆ కుర్చీ ఉంది కాబట్టే ఆ మోకాలితో ఆమె ఇంకా పనికి రాగలుగుతోంది. ఆ మాట ఆమే నాతో ఒకటికి రెండుసార్లు అంది. నేను పోయినప్పుడల్లా తిన్నావా అప్పా అని అడిగేది. తినలేదంటే డబ్బాలోంచి సజ్జరొట్టె తుంచి చేతిలో పెట్టేదాకా ఊరుకునేది కాదు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

పని నేర్పిన మొదటిరోజు ఆమె ఒకే ఒక ప్రశ్న అడిగింది. కంప్యూటరు స్క్రీనును ఆమె టీవీ అనేది.

"ఈ టీవీ రెప్పేస్తే నంబరు ఎక్కినట్టేనా అప్పా?"

నాకు నవ్వొచ్చింది. రెప్పేయడమన్న మాట బాగుంది కూడా. అంతేనక్కా, రెప్పేస్తే ఎక్కినట్టే అని చెప్పి, బస్సు టైమైందని లేచి వచ్చేశాను. ఆ మాట నేను ఆ సాయంత్రమే మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు.

ఆమె పని చేసే తీరు చూడముచ్చటగా ఉండేది. ముదురు నీలం గుడ్డ మీద, ట్యూబులైటు కింద, అరిగిన బాల్‌పెన్ను రాత కనిపించాలంటే కళ్ళు చీటీల మీంచి తీయడానికి లేదు. అందుకని ఆమె స్క్రీను వైపు చూసేదే కాదు. స్క్రీను ఎడమ పక్కన ఉండేది. నంబరు పైకి చదువుకుంటూ కొట్టేది, ఎంటర్ నొక్కేది, పక్కనుంచి ఆ మినుకు కంటికి తగలగానే కట్టను బండి వైపుకు తోసి ఇంకోటి లాక్కునేది. మినుకు తగలకపోతే, వైఫై పోయిందనో కరెంటు పోతోందనో అర్థం చేసుకుని, మళ్ళీ ఎంటర్ నొక్కేది. ఇదంతా నా కళ్ళ ముందే జరిగేది. ఒక్కనాడూ నాకు పట్టలేదు.

ఒకసారి నాతో చదువుకున్నవాడొకడు బళ్ళారి పోతూ దారిలో నన్ను కలవడానికి ఆ యూనిట్టుకు వచ్చాడు. వాడిది బెంగళూరులో పెద్ద ఉద్యోగం. ఆమె వెనక నిలబడి రెండు నిమిషాలు స్క్రీను చూసి, "ఏమప్పా, స్టార్టరు పోయిన ట్యూబులైటు మాదిరి ఉండాది" అన్నాడు. పక్కనే ఉన్న సూపర్‌వైజరు కిసుక్కున నవ్వింది. వాడు టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు ఆ మాట చెప్పులో రాయైంది.

నాలుగు రోజులు వేరే పని ముట్టలేదు. స్క్రీను మీద ఇప్పుడేముందో ప్రోగ్రాము గుర్తుపెట్టుకునేట్టు చేశాను. కొత్తగా ఏముండాలో దాంతో పోల్చి, తేడా ఉన్న అక్షరాలను మాత్రమే మార్చేట్టు రాశాను. తుడవడం లేదు, నల్లబడటం లేదు. ఎంటర్ కొడితే పైన ఒక అంకె మారుతుంది, కింది వరసలో చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు ఎక్కినట్టు ఒక మాట వస్తుంది, తక్కినదంతా కదలదు మెదలదు. ఇంట్లో కూర్చుని ఉత్తుత్తి నంబర్లు కొట్టుకుంటూ ఎంతసేపు చూసుకుని మురిసిపోయానో చెప్తే సిగ్గుచేటు.

సోమవారం పోయి పెట్టి వచ్చాను. ఆమె రెండు కట్టలు ఎక్కించి చెయ్యి ఆపింది. ఇప్పుడు రెప్పేయదా అప్పా అని అడిగింది. అది మెచ్చుకోలు అనుకున్నాను నేను. ఇంకెప్పుడూ వేయదక్కా, కళ్ళకు హాయి అన్నాను. అట్లనా అని ఊరుకుంది. ఎందుకడిగావని నేను అడగలేదు. గొప్ప చెప్పుకునేవాడికి ఎదుటివాళ్ళ ప్రశ్న వినపడదు.

గురువారం ఓనరు ఫోను చేశాడు. కంప్యూటరు లెక్కలో పోయిన కట్టలకూ వాషింగులో దిగిన కట్టలకూ తేడా వస్తోందట. వాషింగులో రోజుకు మూడో నాలుగో కట్టలు తక్కువ. నేను ఆ మధ్యాహ్నం ఇంకెవరి మీదో చిరాకులో ఉన్నాను. నంబర్లు ఎక్కిన ఫైలు తెరిచి చూడకుండానే, కంప్యూటరు అబద్ధం చెప్పదు సార్, మీ షెడ్డులో చూసుకోండి అన్నాను. ఆయన చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం నుంచే గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు వెతికారు.

శనివారం నన్ను రమ్మన్నాడు. తేడా గురించి కాదు, ఆయన బావమరిది కర్ణాటక పక్క ఇంకో యూనిట్టు పెడుతున్నాడు, ఆయనకు ప్రోగ్రాము చూపించాలట. నేను మధ్యాహ్నానికే చేరాను. వాళ్ళింకా రాలేదు. ఓనరు గది తలుపు దగ్గర నిలబడితే షెడ్డు చివర ఆమె వీపు కనిపిస్తోంది. ఊరికే చూస్తూ నిలబడ్డాను.

ఆమె నంబరు కొట్టింది, ఎంటర్ నొక్కింది. చెయ్యి గాల్లో ఆగింది. కళ్ళు చీటీ మీదే ఉన్నాయి. ఏదో రావాల్సింది రాలేదన్నట్టు ఒక క్షణం చూసి, మళ్ళీ ఎంటర్ నొక్కి, కట్టను తోసింది. తరవాతి కట్టకు అట్లా చేయలేదు. ఆ తరవాత చాలా కట్టలకూ చేయలేదు. మళ్ళీ ఒకదానికి పాత అలవాటు కొద్దీ చెయ్యి ఆగింది, మళ్ళీ రెండోసారి నొక్కింది.

లోపలికి పోయి ఫైలు తెరిచాను. ఒకే నంబరు రెండుసార్లు, మధ్య రెండు మూడు సెకన్లు. సోమవారం నుంచి ప్రతిరోజూ మూడో నాలుగో. అంతకుముందు ఒక్కటీ లేదు. రెండోసారి కొడితే వద్దనాల్సింది ప్రోగ్రామే. కానీ రిపేరుకు వెనక్కొచ్చిన కట్టలు అదే నంబరుతో మళ్ళీ పోతాయి కాబట్టి వద్దనకుండా నేనే వదిలేశాను. ఎంటర్ నొక్కాక కొట్టిన నంబరు చెరగకుండా అక్కడే ఉండిపోయేట్టు రాసిందీ నేనే. ప్యాంట్లు ఒక్కటీ పోలేదు. లేని కట్టలను ఉన్నట్టు చూపిస్తున్నది కంప్యూటరు. రెప్పేస్తే ఎక్కినట్టే అని నా నోటితో నేను చెప్పి, రెప్ప తీసేసి, ఇక నంబరు ఎక్కిందని దేన్ని చూసి తెలుసుకోవాలో ఆమెకు చెప్పలేదు.

అప్పుడు టైము మూడున్నర. సంచులు వెతికేది ఆరింటికి. నేను నోరు తెరవడానికి రెండున్నర గంటలున్నాయి.

ఓనరు, బావమరిది వచ్చారు. ఓనరు నన్ను భుజం తట్టి, మనోడే, బెంగళూరోళ్ళు కూడా ఇట్లా చేయలేరని పరిచయం చేశాడు. బావమరిది స్క్రీను చూసి, ఎంత నిదానంగా ఉండాది, అసలు కదలనే కదలదే అని మెచ్చుకున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పక్కనే కట్టలు ఎక్కిస్తోంది. నేను చెప్పబోయాను. నిజంగానే చెప్పబోయాను. ఆ కొత్త యూనిట్టు పని నాకు వచ్చేట్టుంది, ఈ పూటకు ఆగి రేపు నిదానంగా చెబుదాం అనిపించింది. మింగలేక కక్కలేక బిస్కెట్లు తింటూ కూర్చున్నాను.

ఆరింటికి గేటు దగ్గర వరస కట్టారు. నేను బస్సుకు పోవాలంటే ఆ గేటు దాటే పోవాలి. సూపర్‌వైజరు ఒక్కొక్కరి సంచీ బోర్లించి చూస్తోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్నేమీ అడగకపోయినా నా సంచీని నేను చంక కిందికి లాక్కున్నాను. నా సంచీ ఎవరూ వెతకరు కదా.

ఆమె మోకాలి నొప్పి వల్ల వరసలో చివరన ఉంది. సంచీలో టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, నొప్పుల నూనె సీసా, వాటి కింద చుట్ట చుట్టిన నీలం గుడ్డముక్క ఒకటి వచ్చాయి. సూపర్‌వైజరు ఆ గుడ్డను రెండు వేళ్ళతో పైకెత్తి, ఇదేమని అడిగింది. కత్తిరించగా మిగిలి చెత్తలో పడేసే పీలిక అది. ఆమె వంగి, చీర అంచు మోకాలి దాకా ఎత్తింది. అట్లాంటి పీలికే ఇంకొకటి మోకాలి చుట్టూ బిగించి కట్టి ఉంది. అంతమంది ముందర, గేటు దగ్గర, ఆమె చీర అంచు పట్టుకుని నిలబడింది. సూపర్‌వైజరే తల తిప్పుకుని, సరే పో అంది.

నేను ఫోను చూసుకుంటున్నాను. ఫోనులో ఏమీ లేదు.

ఆదివారం ఓనరుకు ఫోను చేశాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఫోను. ప్యాంట్లేమీ పోలేదు సార్, కొన్ని నంబర్లు రెండుసార్లు ఎక్కాయి, ఎంటర్ రెండుసార్లు నొక్కుతున్నారు అన్నాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఎందుకు నొక్కుతున్నారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆమెకు వయసైపోయింది లేప్పా అన్నాడు ఆయన. ఊఁ అన్నాను. నా జీవితంలో నేను ఊఁ అన్నందుకు అంతగా సిగ్గుపడింది ఇంకెప్పుడూ లేదు.

అంతటితో ఆగలేదు. సోమవారం ఇంట్లో నుంచే ప్రోగ్రాము మార్చాను. ఒకే నంబరు పది సెకన్ల లోపల రెండోసారి వస్తే తీసుకోకుండా చేశాను. తేడా ఆ రోజే మాయమైంది. సంచులు వెతకడం మానేశారు. అదే రోజు ఆమెను కుర్చీలోంచి లేపి, దారాలు కత్తిరించే పనికి పంపి, ఇంటర్ చదివిన ఒక పిల్లను కూర్చోబెట్టారని నాకు తరవాత తెలిసింది. తేడా పోయింది నా మార్పు వల్ల. ఓనరు కళ్ళకు మాత్రం ఆమెను తీసేసినందువల్ల పోయింది. తప్పు ఆమెదేనని దాంతో ఖాయమైపోయింది.

రెండు వారాల తరవాత పోయాను. దారాలు కత్తిరించేవాళ్ళు నేల మీద పట్టా పరుచుకుని కూర్చుంటారు. ఆమె కాలు చాపుకుని, గోడకు ఆనుకుని, ఒళ్ళో ప్యాంటు పెట్టుకుని చిన్న కత్తెరతో దారాలు తీస్తోంది. నన్ను చూసి నవ్వింది. తిన్నావా అప్పా అంది. తిన్నానక్కా అన్నాను. తినలేదు. ఆమె చేతి రొట్టె తీసుకోవడం నావల్ల కాదనిపించింది. పట్టా మీది నుంచి లేవాలంటే ఆమె పక్కనున్న అవ్వ భుజం పట్టుకోవాల్సి వచ్చింది. అది చూసి కూడా నేను ఓనరు గదిలోకి పోయి, కొత్త యూనిట్టు పని గురించి మాట్లాడి వచ్చాను.

ఆ తరవాతి నెల పోయేసరికి పట్టా మీద ఆమె లేదు. నేల మీద కూర్చోలేక మానేసిందట, గుత్తి పక్కన చెల్లెలి ఊరికి పోయిందట. ఆ మాట చెప్పిన పిల్ల ఆమె కుర్చీలోనే కూర్చుని, నిదానంగా స్క్రీను చూసుకుంటూ నంబర్లు ఎక్కిస్తోంది. పని చక్కగా చేస్తోంది, దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. నేను బస్టాండుకు పోయి ఉగ్గాని ఆర్డరు చేసి, ముద్ద దిగక, లేచి మళ్ళీ యూనిట్టుకు నడిచాను.

ఓనరుకు ఈసారి ఎదురుగానే చెప్పాను. స్క్రీను మినుకు చూసి ఆమె పని చేసేదని, అది నేను తీసేశానని, తప్పు నాదని. ఆయన నవ్వి, అయిపోయిన పెండ్లికి బాజాలెందుకప్పా అన్నాడు. ఆమెను పిలిపించండి అన్నాను. చూద్దాంలే అన్నాడు. చూడడని ఇద్దరికీ తెలుసు. అయితే షెడ్డులో అందరికీ చెప్పుకోనివ్వండి, సంచులు అందరివీ వెతికారు కదా అన్నాను. నీ ఇష్టం, అన్నం బెల్లు కొట్టినాక చెప్పుకో, మిషన్లు ఆపనన్నాడు.

బెల్లు కొట్టాక అందరూ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. నేను మధ్యలో నిలబడ్డాను. నలుగురిలో మాట్లాడి ఎరగను, గొంతు కీచుగా వచ్చింది. ఆ తేడా ఆమె వల్ల రాలేదు, నావల్ల వచ్చింది, నేను స్క్రీను మార్చి, నంబరు ఎక్కిందో లేదో ఎట్లా తెలుసుకోవాలో ఆమెకు చెప్పలేదు, ఆమె తప్పేమీ లేదు అన్నాను. ఎవరూ తినడం ఆపలేదు. ఇంత కష్టపడి చెప్తే వీళ్ళకు ఏమీ అనిపించలేదా అని, ఆ క్షణంలో కూడా, నాకు చిన్న కోపం వచ్చింది.

పట్టా మీద ఆమె ఎవరి భుజం పట్టుకుని లేచేదో ఆ అవ్వ, ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగి, అప్పుడు మాట్లాడింది.

"అది మాకేమన్నా కొత్తా అప్పా? కుర్చీలోంచి లేపిన పొద్దే ఆయమ్మ చెప్పింది. టీవీ రెప్పేయడం మానేసిండాది, అందుకే రెండుసార్లు ఒత్తినట్టుండానని. మాకు కోపమొచ్చి నిన్ను తిట్టినాం. ఆయమ్మే వద్దనింది. పాపం ఆయప్పకు తెలీదు, తెలిసింటే మన సంచులు ఎతకనిచ్చేటోడు కాదు, రాగానే చెప్పేటోడు అనింది."

అవ్వ నీళ్ళు తాగి, మామూలుగా, తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"నీకెప్పుడు తెలిసిందప్పా?"

నిన్న అనొచ్చు. ఈ నెలలోనే అనొచ్చు. అంటే నమ్మేవాళ్ళు, ఆమె మాట మీద నమ్మకంతో నమ్మేవాళ్ళు.

"శనివారం" అన్నాను.

"ఏ శనివారం? ఆయమ్మ మోకాలు చూపించిన శనివారమా?"

"దానికి ముందే అవ్వా. మూడున్నరకు."

అప్పుడు తినడం ఆపారు.